క్రొత్తగా వచ్చినవారు ఎక్కడ కూర్చుందురు?

పాఠ్యభాగములు: రూతు 2:1–16, యాకోబు 2:1–9, అపొ. కార్యములు 6:1–7

జంషెడ్‌పూర్ పట్టణమునకు తూర్పు ప్రక్కను, సువర్ణరేఖా నదికి దగ్గరగా, భుయ్యాడీహ్ అను బస్తీ యున్నది. ఆ ప్రాంతమున ఊరిపేర్ల చివర డీహ్ అను మాట తరచుగా వినవచ్చును. బెల్డీహ్, బారీడీహ్, భుయ్యాడీహ్ అని. డీహ్ అనగా జనులు పూర్వమునుండి కాపురమున్న గ్రామస్థలము. కర్మాగారపు పొగగొట్టములు లేవకమునుపే అచ్చట పల్లెలును పొలములును ఉండెననియు, సంతాలులు, హోలు, భూమిజులు మొదలగు జనులు ఆ నేలను దున్నుకొని బ్రదికిరనియు ఆ చిన్న మాట నేటికిని సాక్ష్యమిచ్చుచున్నది. టాటావారి ఇనుము ఉక్కు కంపెనీ 1907లో స్థాపింపబడినది. 1912లో అక్కడ మొదటి ఉక్కు తయారైనది. సాక్చి అని పిలువబడిన చోటికి జంషెడ్‌పూర్ అను పేరు 1919లో వచ్చినది.

పని దొరుకునని విని నలుదిక్కులనుండి జనులు అక్కడికి వచ్చిరి. తెలుగువారును వచ్చిరి. వారిలో శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములవారు అనేకులు. వలస యెక్కడనైనను ఇంచుమించు ఒకే రీతిగా జరుగును. మొదట అన్న వచ్చును. పని కుదిరిన పిమ్మట తమ్మునికి ఉత్తరము వ్రాయును. తమ్ముడు రైలెక్కి టాటానగర్ స్టేషనులో దిగును. ఏడాది తిరుగక మునుపే బావమరిదియు వచ్చును. కావున ఆ పట్టణపు తెలుగు సంఘములలో కూర్చున్నవారెవరును, తాము ఆ నేలకు మొదటివారమని చెప్పజాలరు. తాము కాకున్న తమ తండ్రి, తండ్రి కాకున్న తాత, చేత ఒక పెట్టెతో వచ్చి ఎవరో జరిగి ఇచ్చిన చోటున కూర్చున్నవాడే.

అట్టి బస్తీలో ఒక చిన్న మెథడిస్టు సంఘమును మనస్సున ఉంచుకొని ఈ పాఠమును చదువుట మంచిది. పరదేశిని బాధింపకూడదని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించునప్పుడు ధర్మశాస్త్రము చూపిన కారణము గమనింపదగినది. దయ మంచి గుణమని అది చెప్పి ఊరకొనలేదు. వారును ఒకప్పుడు ఐగుప్తులో పరదేశులై యుండిరి గనుక పరదేశి మనస్సు వారు ఎరిగినదే యని చెప్పినది (నిర్గమ. 23:9, లేవీ. 19:33, 34). ఎరిగినవారికే ఆ ఆజ్ఞ ఇయ్యబడినది. అయితే ఎరిగినదానిని మరచుటకు ఒక్క తరము చాలును.

ఒక ఆదివారమును ఊహింపుడి. ఆరాధన మొదలై రెండవ కీర్తన పాడుచుండగా ఒక యువకుడును, చంకను బిడ్డ నెత్తుకొనిన అతని భార్యయు గుమ్మమునొద్ద నిలిచిరి. అతడు ఠేకాదారునియొద్ద పనికి వచ్చి నెల దినములైనది. చెప్పులు విడిచి, ఎటు పోవలెనో తెలియక, వెనుక బెంచీ చివర కూర్చుండిరి. ఆ బెంచీ చివర ఒక పెద్దమ్మగారి చోటు. దానిమీద ఆమె పేరు వ్రాసియుండలేదు గాని ఇరువది యేండ్లుగా ఆమె అక్కడనే కూర్చుండును. ఆమె వచ్చి ప్రక్కను నిలిచెను. ఏమియు అనలేదు. యువకుడు గ్రహించి, భార్యను లేపి, గోడప్రక్కకు జరిగెను. ఆరాధన ముగిసిన పిమ్మట సంఘపు పెద్దలలో ఒకరు వచ్చి, చేయి పట్టుకొని, ప్రేమగానే పలుకరించిరి. “ఏ ఊరు బాబూ మీది? ఇంటిపేరేమిటి?”

బోయజు అడిగిన ప్రశ్న

ఈ ప్రశ్న తెలుగువారి నోట ఎంత సహజముగా వచ్చునో అంత జాగ్రత్తగా పరిశీలింపదగినది. దూరప్రాంతమున తన జిల్లావాడు దొరికెనన్న సంతోషముతో అడుగువారు చాలమంది యున్నారు. వారిని తప్పు పట్టుట న్యాయము కాదు. కాని ఊరు, పేట, ఇంటిపేరు తెలిసినయెడల కులము తెలిసిపోవును. ఇది అడుగువాడు తలంపకపోవచ్చును. వినువాడు తలంపకుండుట అరుదు. జవాబు చెప్పినప్పుడు ఎదుటివాని ముఖము మారునో మారదో అని చిన్ననాటినుండి కనిపెట్టుటకు అలవాటుపడినవాడు, క్రీస్తు మందిరపు గుమ్మమునందును అదే కనిపెట్టును.

బేత్లెహేము పొలములో బోయజును ఇంచుమించు ఇదే ప్రశ్న అడిగెను. కోయువారి వెనుక పరిగె ఏరుకొనుచున్న క్రొత్త స్త్రీని చూచి ఆమె ఎవరి సంబంధియో చెప్పుమని పనివారి పైవాని నడిగెను (రూతు 2:5). ఆ పైవాడు ఇచ్చిన జవాబును నెమ్మదిగా చదువవలెను. ఒక్క వాక్యములోనే అతడు మోయాబు పేరు రెండుసార్లు ఎత్తెను: ఆమె మోయాబీయురాలు, మోయాబు దేశమునుండి వచ్చినది. ఆమె ఉదయమునుండి పనిచేయుచున్న సంగతి అతడు పిమ్మట చెప్పెను గాని ఆమె పేరు మాత్రము చెప్పలేదు. మోయాబీయులు యెహోవా సమాజములో చేరకూడదను కఠినమైన మాట ధర్మశాస్త్రములో నున్నదని బోయజు ఎరుగనివాడు కాడు (ద్వితీ. 23:3). కావున జవాబు విన్న తరువాత అతని ముఖము మారుటకు కావలసినంత కారణమున్నది.

అతడు ఆమెను కుమారీ యని పిలిచెను. ఆమెతో మాటలాడునప్పుడు మోయాబు పేరు ఎత్తనే లేదు. ఆమె తలిదండ్రులను, పుట్టిన దేశమును విడిచి ఎరుగని జనులమధ్యకు వచ్చిన సంగతి తాను వింటినని చెప్పెను (2:11). పైవాడు ఆమె ఎక్కడనుండి వచ్చెనో చూచెను. బోయజు ఆమె ఏమేమి విడిచి వచ్చెనో చూచెను. బోయజు తల్లి ఎవరని మత్తయి సువార్త నడిగినయెడల యెరికో పట్టణపు రాహాబు పేరు చెప్పును (మత్తయి 1:5). ఇశ్రాయేలులోనికి ఒక పరస్త్రీ ఏ కన్నులు దాటి రావలెనో తన ఇంటనే వినియుండవలసినవాడు అతడు.

పిమ్మట అతడు చేసిన కార్యములలో ఒక్కటియు మాటలతో పోయినది కాదు. యౌవనులు ఆమెను ముట్టకూడదని ఆజ్ఞాపించెను. దాహము వేసినప్పుడు పనివారు చేది పెట్టిన నీళ్లే త్రాగుమనెను. ఒకే కుండ నీళ్లు! తెలుగు పల్లెలలో పెరిగినవారికి ఈ మాటపై వ్యాఖ్యానము అక్కరలేదు. భోజనవేళ ఆమెను దగ్గరకు పిలిచి, కోయువారి ప్రక్కను కూర్చుండనిచ్చి, చిరకలో రొట్టె ముక్క ముంచుకొనుమనెను. పేలాలు తానే అందించెను. ఆమె తిని తృప్తిపొంది కొంత మిగిల్చెను. తిరిగి ఏరుటకు ఆమె లేచి వెళ్లిన తరువాత పనివారికి మరియొక సంగతి చెప్పెను: ఆమెకొరకై పనలలోనుండి కొన్ని పిడికెళ్లు లాగి విడిచిపెట్టవలెను, ఆమెను గద్దింపకూడదు.

ఈ కడపటి మాటలో మర్యాద యున్నది. ఆమెకు దొరికినది భిక్షమువలె దొరకకూడదని అతడు తలంచెను. నేడు అనేక సంఘములలో ప్రకటనల సమయమున క్రొత్తవారిని లేచి నిలువుమని, పేరు, ఊరు, పని చెప్పుమని అడుగుటయు, అందరును చప్పట్లు కొట్టుటయు కలదు. మంచి ఉద్దేశముతోనే చేయుదురు. క్వార్టరు గల ఉద్యోగస్థునికి అది గౌరవముగా తోచును. రెండు నెలలనుండి కూలి సరిగా దొరకక, చొక్కా మాసి, భార్య చదువురానిదై, ఎవరికిని కనబడకుండ దేవునియొద్ద కొంతసేపు కూర్చుండవచ్చునని వచ్చినవానికి అదే శిక్ష. వాడు మరుసటి ఆదివారము రాకపోయినయెడల ఎందుకు రాలేదో ఎవరికిని తెలియదు.

ఆదివారము సెలవులేని పట్టణము

ఉక్కు పట్టణములలో మరియొక చిక్కున్నది. బ్లాస్టు ఫర్నేసు ఆదివారమని చల్లారదు. చల్లార్చినయెడల లోపలి లోహము గడ్డకట్టి కొలిమియే చెడును. కాబట్టి పని పగలును రాత్రియు షిఫ్టులలో నడచును. వంతు ప్రకారము సెలవు దొరకును. వారమంతయు రాత్రి డ్యూటీ చేసినవాడు ఆదివారపు ఉదయమున నిద్రకు తూలుచుండును. అట్టివాడు మూడు వారములకొకమారు కనబడును. సంఘము వానిని క్రమము లేనివాడని ఎంచును. వాడు సంఘమును తన పేరైనను గుర్తుంచుకొననిదని ఎంచును. ఇద్దరును చెప్పునది నిజమే. ఈ చిక్కు గుమ్మమునొద్ద చేయి కలుపుటవలన తీరదు. ఎవరైన ఒకరు వాని ఇంటికి, వానికి తీరికైన గంటకు, వెళ్లవలెను.

మెథడిస్టులకు ఈ పని క్రొత్తది కాదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణమున జాన్ వెస్లీగారి సమాజమువారు తమ కూటపు గృహముపై నిలిచిన అప్పును ఎట్లు తీర్చవలెనని ఆలోచించుచుండిరి. ప్రతివారును వారమునకొక పెన్నీ ఇయ్యవలెనని ఒకరు చెప్పిరి. బీదలు ఇయ్యజాలరని మరియొకరనిరి. అప్పుడు ఫోయ్ అను కెప్టెను, మిక్కిలి బీదలైనవారిని పదునొకండుమందిని తనకు అప్పగించినయెడల ప్రతివారము వారియొద్దకు తానే వెళ్లుదుననియు, ఇయ్యలేనివారి పెన్నీలను తానే పెట్టుకొందుననియు చెప్పెను. ఇతరులును అట్లే ఒప్పుకొనిరి. క్లాసు మీటింగు అనబడిన తరగతి కూటము ఈ విధముగా పుట్టినది. డబ్బుకొరకు తలుపు తట్టినవారు లోపలి సంగతులు చూచిరి. రోగియైనవాడు, భార్యను కొట్టువాడు, పనిలేక పస్తున్నవాడు, ప్రార్థన మరచినవాడు, అందరును కంటబడిరి. అప్పు మాట వెనుకబడినది. ఆత్మల మాట ముందునకు వచ్చినది. నాయకుడు తన తరగతిలోని ప్రతివానిని వారమునకొకసారియైనను చూడవలెనను నియమము ఏర్పడినది.

1743లో వెస్లీగారు ప్రకటించిన సామాన్య నియమములలో సమాజమున చేరగోరువానికి ముందుగా విధించిన షరతు ఒక్కటే: రాబోవు ఉగ్రతనుండి తప్పించుకొని పాపములనుండి రక్షింపబడవలెనను కోరిక. చేరిన తరువాత వాని నడతను గూర్చి నియమములు చాల కఠినముగా నుండెను. చాలమంది సంఘములు దీనిని తలక్రిందులుగా చేసినవి. లోపలికి వచ్చుటకు ఇంటిపేరు, ఉద్యోగము, సిఫారసు కావలెను. వచ్చిన తరువాత ఎట్లు బ్రదికినను అడుగువారుండరు.

గాంధీగారు వెళ్లిన మందిరము

మెథడిస్టు మందిరమునకు క్రొత్తగా వెళ్లిన ఒక భారతీయుని అనుభవము గ్రంథస్థమై యున్నది. మోహన్‌దాస్ గాంధీగారు యౌవనమున దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా నున్నప్పుడు, ఒక క్రైస్తవ కుటుంబమువారి మాటమీద ప్రతి ఆదివారము వెస్లియన్ మందిరమునకు వెళ్లుచుండిరి. ఆ దినములలో వారి ఇంటనే ఆయనకు భోజనము. ఈ సంగతి ఆయన ఆత్మకథలో కలదు. అది 1925 మొదలు నవజీవన్ పత్రికలో గుజరాతీ భాషలో వెలువడినది. ప్రసంగములు ఆయన మనస్సును కదలింపలేదు. కూడినవారు భక్తిచేత గాక ఆచారముచేతను, కాలక్షేపముకొరకును వచ్చినట్లు ఆయనకు కనబడిరి. ఒక్కొక్కప్పుడు ఆయనకు కునుకు పట్టెడిది. ప్రక్కవారును కునుకుచుండుట చూచి సిగ్గు తగ్గించుకొనిరి. కొంతకాలమునకు వెళ్లుట మానివేసిరి.

ఆయనను ఎవరో అవమానించి వెళ్లగొట్టినట్లు ఆ అధ్యాయములో లేదు. బెంచీమీద చోటు దొరికినది. లోపించినది వేరు. క్రొత్తగా వచ్చినవాడు మందిరములో మొదట చూచునది తనకు దొరకిన మర్యాదను కాదు, అక్కడివారు దేవునియెదుట ఎట్లు కూర్చుందురో దానిని.

ఇంటి భోజనము మందిరముకంటె కొంత దూరము నడచినది. కాని దానికిని ఒక గట్టు తగిలినది. ఆ ఇంట అయిదేండ్ల బాలుడుండెను. గాంధీగారు ఒకనాడు వాని పళ్లెములోని మాంసమును చులకన చేసి తమ పళ్లెములోని ఆపిలు పండును మెచ్చుకొనిరి. బాలుడు పండునే కోరసాగెను. తల్లి దిగులుపడి, మరుసటి వారము ఆ మాట నెమ్మదిగా ఆయనతో చెప్పెను. ఆయన ఇకమీదట రాకుండుటయే మంచిదని ఒప్పుకొనగా ఆమెకు భారము దిగినట్లాయెను. ఆమె చెడ్డది కాదు; మంచి స్త్రీ యనియే ఆయన వ్రాసిరి. అతిథి పెట్టినది తినిపోవునంతవరకు అతిథియే. ఆయనవలన ఇంటిలో ఏదైన మారునని తోచిననాడు ఆతిథ్యము భారమైనది.

బల్ల ఎవరిది?

చిన్న సంఘములలో అసలైన పరీక్ష ఇక్కడనే వచ్చును. ఆంధ్రదేశమునుండి వచ్చు క్రైస్తవులందరును ఒకే మిషను బిడ్డలు కారు. శ్రీకాకుళము, బొబ్బిలి ప్రాంతములలో కెనడా బాప్తిస్టులు, గుంటూరు ప్రాంతమున లూథరనులు, మెదకున వెస్లియనులు, వికారాబాదు ప్రాంతమున అమెరికా మెథడిస్టులు పనిచేసిరి. మెదకు వెస్లియనులు 1947లో దక్షిణ ఇండియా సంఘములో చేరిరి. అమెరికా మెథడిస్టుల పనివలన ఏర్పడిన సంఘము 1981లో మెథడిస్టు చర్చ్ ఇన్ ఇండియా అను పేర స్వపరిపాలన గలదైనది. దూరప్రాంతమున ఇందరికిని తెలుగు ఆరాధన ఒక్కటే దొరకవచ్చును. వారిలో ఒకరు చెరువులో మునిగి బాప్తిస్మము పొందినవారు. శిశువుల తలపై నీళ్లు చిలుకుట చూచి కలవరపడుదురు. మరియొకరికి అదే కీర్తన వేరొక రాగమున వచ్చును; వారు గట్టిగా పాడగా ముందు వరుసవారు వెనుకకు తిరిగి చూచెదరు. ఇంతేకాదు. బస్తీలో పుట్టిన తెలుగు పిల్లలు హిందీ చదివినవారు. కీర్తనల పుస్తకమునకంటె ప్రక్కవారి నోటిని చూచి పాడుదురు. వారితో బడిలో చదివిన సంతాలు పిల్లవాడో, హిందీ మాటలాడు పొరుగింటి అమ్మాయియో, వెంట వచ్చి కూర్చున్నయెడల ఆ ప్రసంగమున వారికేమి దొరకును? వచ్చినవారు క్రొత్తవారా, ఆ డీహ్ పేరు పెట్టిన జనుల బిడ్డలు గనుక సంఘమే వారికి క్రొత్తదా అనునది ఆలోచింపదగినది.

యెరూషలేము సంఘమునకును భాషయే మొదటి చీలిక తెచ్చినది. గ్రీకు మాటలాడు విధవరాండ్రకు దినదిన పరిచర్యలో లోటు జరిగెనని సణుగుడు పుట్టెను (అపొ. 6:1). అపొస్తలులు సణిగినవారిని గద్దింపలేదు. ఇకమీదట చూచుకొందుమని మాట ఇచ్చి పంపివేయనులేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుడని సంఘముతో చెప్పిరి. ఏర్పరచబడినవారి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లు. కడపటివాడు అంతియొకయనుండి వచ్చి యూదుల మతమున చేరినవాడు. ఎవరికి వడ్డనలో తక్కువయ్యెనో వారి పక్షమువారి చేతికే బల్ల అప్పగింపబడినది. వారు యెరూషలేమువారి విధవరాండ్రకును వడ్డింపవలసియుండెను గదా! ఆ నమ్మకము ఉంచుటయే వారిని చేర్చుకొనుట.

ఇందుకు విరుద్ధమైనది మెథడిస్టు చరిత్రలోనే జరిగినది. అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమున సెయింట్ జార్జి మెథడిస్టు మందిరమునకు నల్లవారు అనేకులు వచ్చుచుండిరి. రిచర్డ్ ఆలెన్ అను పేరుగల నల్ల ప్రసంగీకుడు వారిలో నుండెను. మందిరపు పనులకు వారును చందాలిచ్చిరి. వారి సంఖ్య పెరిగినకొలది వారిని మొదట గోడప్రక్కకును, పిమ్మట మేడమీదికిని జరిపిరి. 18వ శతాబ్దపు చివరి సంవత్సరములలో ఒక ఆదివారమున, వారు కూడని చోట మోకరించిరని, ప్రార్థన ముగియకమునుపే ఆబ్సలోమ్ జోన్స్ అనువానిని మోకాళ్లమీదనుండి లేవనెత్తజూచిరి. ప్రార్థన కాగానే వారందరును కలిసి బయటకు నడచిరి. 1794లో బెతెల్ మందిరము ప్రతిష్ఠింపబడినది; 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘము వేరుగా ఏర్పడినది. మంచి వస్త్రములవానికి మంచి చోటును, బీదవానికి పాదపీఠపు ప్రక్కను చూపువారిని గూర్చి యాకోబు వ్రాసిన పత్రిక ఆ మందిరములోను చదువబడుచుండినదే.

గోడప్రక్కకు జరిగిన ఆ యువకునియొద్దకు ఇప్పుడు తిరిగి రావలెను. సంఘపు స్టీవార్డు వాని షిఫ్టు ఏదో కనుగొని, బుధవారపు సాయంకాలమున టీ వేళకు వాని గదికి వెళ్లెననుకొనుడి. అక్కడ ఇంటిపేరు అడుగలేదు. వానికి డోలక్ వాయించుట వచ్చునని మాటలలో తెలిసినది. స్వగ్రామపు సంఘమునుండి ఉత్తరము తెచ్చుకొనలేదని వాడు నొచ్చుకొనగా, కెంక్రేయలోని ఫీబేనుగూర్చి పౌలు రోమావారికి వ్రాసినట్లు (రోమా. 16:1, 2) ఆ ఊరి పాస్టరుగారికి తానే వ్రాసి తెప్పించెదనని ఆయన చెప్పెను. వాడు తరువాతి ఆదివారము రాలేదు, డ్యూటీ. ఆ తరువాతి ఆదివారము భార్యాబిడ్డలతో వచ్చి, మరల గోడప్రక్కకే నడచెను. కీర్తన మొదలైనది. పెద్దమ్మగారు బెంచీ చివరనుండి లోపలికి జరిగి, ఖాళీయైన చోటును చేతితో తట్టి చూపిరి. ఆ చిన్నది సందేహించుచు వచ్చి కూర్చుండెను. “బిడ్డను ఇటివ్వమ్మా, నువ్వు పుస్తకం పట్టుకో,” అని ఆమె చేతులు చాచిరి. బిడ్డ ఒడిలోనికి వచ్చిన పిమ్మట, పాట మధ్యనే, మెల్లగా అడిగిరి: “పాప పేరేమిటి తల్లీ?”